తుఫాను కేంద్రం ఒకచోట, టోర్నడోలు వందల కిలోమీటర్ల అవతల: ఎందుకిలా?

ఓర్లాండో_వాసి:

అందరికీ నమస్కారం. 2024 అక్టోబర్ 9న మిల్టన్ హరికేన్ (అమెరికాలో తుఫానుని అలా అంటారు) వచ్చినప్పుడు మేం ఫ్లోరిడాలోనే ఉన్నాం. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మిల్టన్ రాత్రి ఎనిమిదిన్నరకి పడమటి తీరంలో, సరసోటా పక్కనున్న సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. మా దృష్టంతా టాంపా మీదే. అక్కడున్న తెలుగువాళ్లందరికీ ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. కానీ ఆ సాయంత్రం ఆరుగురు ప్రాణాలు పోయింది తూర్పు తీరంలో, ఫోర్ట్ పియర్స్ దగ్గర స్పానిష్ లేక్స్ అనే కాలనీలో. ఎక్కువగా పెద్ద వయసువాళ్లు ఉండే చోటు. వాళ్లని చంపింది టోర్నడో. అప్పటికి హరికేన్ కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, ఇంకా సముద్రంలోనే ఉంది.

ఆ ఒక్క రోజే ఫ్లోరిడాలో 126 టోర్నడో హెచ్చరికలు ఇచ్చారు. తర్వాత సర్వే చేసి నలభైకి పైగా టోర్నడోలు నిజమేనని తేల్చారు. టోర్నడో బలాన్ని 0 నుంచి 5 వరకు చెప్పే ఈఎఫ్ స్కేలు మీద వాటిలో మూడు ఈఎఫ్3 స్థాయివి.

అసలు హరికేన్ లోపల టోర్నడో ఎలా పుడుతుంది? కేంద్రానికి అంత దూరంలో, అంత ముందుగా ఎందుకు వస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ప్రశ్నల_పుట్ట:

తుఫాను తిరుగుతుంది, టోర్నడో కూడా తిరుగుతుంది. పెద్ద సుడి నేలకి కొట్టుకుని చెదిరితే చిన్న సుడులు పుడతాయి. ఇంతే కదండీ? ఇందులో అంత ఆశ్చర్యం ఏముంది?

మబ్బులదారి:

అంతే కాదండీ. తిరగడం ఒక్కటే ఆ రెండింటికీ పోలిక, పుట్టుక పూర్తిగా వేరు. నేను ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణశాస్త్రం చదివాను, ఇప్పుడు రాడార్ డేటా మీద పనిచేస్తున్నాను. నాకు తెలిసినంత చెప్తాను.

తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పుంటుంది. వెచ్చటి సముద్రం నుంచి వేడి, తేమ తీసుకుంటూ రోజుల తరబడి బతుకుతుంది. తుఫానుల్లో వచ్చే టోర్నడో వెడల్పు చాలాసార్లు వందా రెండొందల మీటర్లే, ఆయుష్షు కొన్ని నిమిషాలే. అది ఒకే ఒక్క మేఘం కింద పుట్టే సుడి, తుఫాను నుంచి విరిగిపడిన ముక్క కాదు. అలాంటి మేఘాలు పుట్టడానికి కావలసిన పరిస్థితిని మాత్రం తుఫాను తన అంచుల్లో తయారుచేసి పెడుతుంది.

ఎలాగో చూడండి. సముద్రం మీద గాలికి అడ్డు తక్కువ. నేల మీదికి రాగానే చెట్లు, ఇళ్లు తగిలి కింది గాలి నెమ్మదిస్తుంది. కిలోమీటరు ఎత్తున ఉన్న గాలి మాత్రం పాత జోరుతోనే పోతుంటుంది. ఉదాహరణకి కింద గంటకి 40 కిలోమీటర్లు, పైన 110 అనుకోండి. ఈ రెండు పొరల మధ్య ఉన్న గాలి అడ్డంగా దొర్లుతుంది. దీపానికి వత్తి చేసేటప్పుడు దూదిని రెండు అరచేతుల మధ్య పెట్టి పై చేతిని జరుపుతాం కదా, అచ్చం అలాగే. వేగమే కాదు, దిక్కు కూడా మారుతుంది. రాపిడి వల్ల కింది గాలి తుఫాను కేంద్రం వైపు కొంచెం మళ్లుతుంది, పై గాలి మళ్లదు. దాంతో ఆ దొర్లుడు ఇంకా బలపడుతుంది.

ఇప్పుడు ఆ చోట ఒక మేఘం బలంగా పైకి లేచిందనుకోండి. పైకి పోయే గాలి ఆ అడ్డపు చుట్టుని వంచి నిలువుగా నిలబెడుతుంది, మేఘమే తిరగడం మొదలుపెడుతుంది. దీన్నే సూపర్‌సెల్ అంటారు. నేలకి దగ్గరగా కూడా తిరుగుడు ఏర్పడి, దాన్ని పైకి పోయే గాలి సాగదీస్తే ఆ చుట్టు సన్నబడుతుంది. సన్నబడేకొద్దీ వేగం పెరుగుతుంది. అది నేలని తాకితే టోర్నడో. తిరిగే ప్రతి మేఘమూ టోర్నడో ఇవ్వదు, చాలావాటిలో ఆ చివరి మెట్టు జరగదు.

ఓర్లాండో_వాసి:

చాలా బాగా చెప్పారు, థాంక్స్ అండి. కానీ గాలి జోరు ఎక్కువ ఉండేది కన్ను చుట్టూనే కదా. మీ లెక్క ప్రకారం టోర్నడోలు కూడా అక్కడే ఎక్కువ రావాలి. మరి దూరంగా ఎందుకు?

మబ్బులదారి:

గాలి తేడా ఒక్కటే చాలదు, మేఘం గట్టిగా పైకి లేవాలి కూడా. కేంద్రం దగ్గర దానికి అవకాశం తక్కువ. ఆకాశమంతా దట్టంగా మూసుకుపోయి ఎండ పడదు. ఎడతెగని వాన వల్ల నేల దగ్గర గాలి చల్లబడిపోతుంది. పైన గాలేమో వెచ్చగా ఉంటుంది. కింద చల్లన, పైన వెచ్చన అయితే గాలి పైకి లేవదు.

తుఫాను చుట్టూ పట్టీల్లా సాగే బయటి వాన మబ్బుల సంగతి వేరు. కేంద్రానికి సుమారు 100 నుంచి 500 కిలోమీటర్ల దూరంలో పట్టీకీ పట్టీకీ మధ్య మబ్బు విడుస్తుంది, ఎండ పడుతుంది. మధ్య ఎత్తుల్లో పొడిగాలి చొరబడితే మబ్బులు ఇంకా చెదిరి నేల మరింత వేడెక్కుతుంది. అప్పటికే కింద సముద్రపు తేమ నిండుగా ఉంటుంది. అందుకే ఈ టోర్నడోలు మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో ఎక్కువ. తీరం దాటడానికి కొన్ని గంటల ముందు మొదలై, దాటాక ఒకటి రెండు రోజుల వరకు కూడా రావచ్చు.

ఇక దిక్కు. ఉత్తరార్ధగోళంలో తుఫాను ఎటు కదులుతోందో అటు తిరిగి నిలబడితే, ముందువైపు కుడిచేతి భాగంలోనే ఎక్కువ టోర్నడోలు వస్తాయి. మామూలుగా సముద్రం నుంచి నేలమీదికి గాలి వచ్చేది ఆ వైపునుంచే. తేమా అక్కడే, రాపిడి వల్ల వచ్చే గాలి తేడా కూడా అక్కడే. తుఫాను ఉత్తరానికి జరిగి పైనున్న పడమటి గాలులతో కలిస్తే ఆ తేడా మేఘమంత ఎత్తు వరకూ పాకుతుంది.

మిల్టన్ విషయంలో ఇవన్నీ ఒకేసారి కుదిరాయి. అది ఈశాన్యానికి కదులుతోంది. దక్షిణ, తూర్పు ఫ్లోరిడా సరిగ్గా దాని కుడిచేతి ముందు భాగంలో పడ్డాయి. పగటి ఎండకి నేల కాగింది, పై గాలులు బలంగా ఉన్నాయి. మామూలుగా తుఫాను టోర్నడోలు ఈఎఫ్0, ఈఎఫ్1 స్థాయిలో ఆగిపోతాయి. ఆ రోజు మూడు ఈఎఫ్3 రావడం అందుకే.

కన్ను దగ్గర కూడా చిన్న సుడులు ఉంటాయి. 1992లో ఆండ్రూ హరికేన్ తర్వాత టోర్నడోల నిపుణుడు ఫుజిటా నష్టాన్ని పరిశీలించి, కన్ను చుట్టూ ఉన్న గాలి గోడలో చిన్న చిన్న సుడుల ఆనవాళ్లు గుర్తించారు. అవి పుట్టే తీరు వేరు, వాటిని దీనితో కలపకూడదు.

ప్రశ్నల_పుట్ట:

ఒక్క విషయంలో పొంతన కుదరడం లేదు. టోర్నడో రావాలంటే పైన చల్లటి గాలి ఉండాలని, అమెరికా నడిమధ్య ఓక్లహోమా వైపు పెద్ద పెద్ద వడగళ్లు పడేది అందుకేనని చదివాను. తుఫాను పైభాగం వెచ్చన అని మీరే అంటున్నారు. మరి మేఘానికి అంత బలం ఎక్కడిది?

మబ్బులదారి:

ఇది మంచి ప్రశ్న అండి. 1990ల్లో మెకాల్, వైజ్‌మన్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో సరిగ్గా దీన్నే పరిశీలించారు. తుఫాను అంచుల్లో మేఘాన్ని పైకి లేపే బలం మొత్తంగా చూస్తే తక్కువే. కానీ ఆ ఉన్న బలం కింది రెండు మూడు కిలోమీటర్లలోనే పోగై ఉంటుంది. ఓక్లహోమా మేఘంలో అది 10, 12 కిలోమీటర్ల ఎత్తుదాకా పరుచుకుని ఉంటుంది. టోర్నడోకి కావలసింది నేలకి దగ్గరలో గట్టి లాగుడు. పైగా మేఘం తిరిగేటప్పుడు లోపల ఒత్తిడి తగ్గి కింది గాలిని అదే పైకి పీల్చుకుంటుంది. అలా తక్కువ బలంతో కూడా పొట్టి సూపర్‌సెల్ పుడుతుంది.

చిక్కంతా ఈ పొట్టితనంతోనే. వాటిలో వడగళ్లు దాదాపు ఉండవు, మెరుపులు చాలా తక్కువ. మామూలు వాన పట్టీలాగే కనిపిస్తుంది, సుడి వానలో కప్పబడిపోతుంది. ఇంటి కిటికీలోంచి చూసి గుర్తుపట్టడం కష్టం. రాడార్‌కి కూడా కష్టమే. రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేల నుంచి ఎత్తు పెరుగుతుంది, 100 కిలోమీటర్ల దగ్గర దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తు, 150 దగ్గర రెండున్నర దాటుతుంది. తిరుగుడు అంతకంటే కింద ఉంటే అసలు కనబడదు. అమెరికాలో అన్ని రాడార్లున్నా, తుఫాను టోర్నడోలకి హెచ్చరిక చాలాసార్లు నిమిషాల ముందు మాత్రమే వస్తుంది.

ఖరగ్‌పూర్_తెలుగోడు:

నమస్తే. మా తాతల కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో రైల్వే కుటుంబం మాది. మీరు చెప్పింది బెంగాల్‌లో కళ్లారా చూశాం. 2021 మే 26న యాస్ తుఫాను ఒడిశాలో బాలేశ్వర్ దగ్గర తీరం దాటింది. కానీ అంతకు ముందురోజు, మే 25 మధ్యాహ్నం, ఇక్కడ హుగ్లీ జిల్లా చుంచుడాలో, నది అవతల హాలీషహర్‌లో టోర్నడో వచ్చింది. ఇళ్లు దెబ్బతిన్నాయి, ఇద్దరు కరెంటు షాక్‌తో చనిపోయారు. తుఫాను ఇంకా బంగాళాఖాతంలోనే ఉంది. టీవీలో అందరూ బెంగాల్ తీరంలోని దీఘా గురించి మాట్లాడుతుంటే, ప్రాణాలు పోయింది హుగ్లీ ఒడ్డున. మాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు. మ్యాప్ తీసి చూస్తే అది సరిగ్గా కుడిచేతి ముందు భాగమే!

ఫుకుఓకా_తెలుగు:

జపాన్‌లో కూడా ఇదే కథ. 2006 సెప్టెంబర్ 17న షాన్‌షాన్ టైఫూన్ (ఇక్కడ తుఫానుని అలా అంటారు) క్యూషూ ద్వీపానికి పడమటి వైపు సముద్రంలో ఉంది. టోర్నడో వచ్చింది ద్వీపానికి తూర్పు తీరంలో ఉన్న నొబెఒకా ఊళ్లో. ముగ్గురు చనిపోయారు, నిచిరిన్ ఎక్స్‌ప్రెస్ రైలు పట్టాలు తప్పి పక్కకి పడింది. అదే ఏడాది నవంబర్‌లో హొక్కైడోలోని సరొమాలో ఇంకో టోర్నడోకి తొమ్మిది మంది పోయారు. అది టైఫూన్ వల్ల వచ్చింది కాదు. ఈ ఘటనల తర్వాత ఇక్కడి వాతావరణ సంస్థ 2008 మార్చి నుంచి టోర్నడోల కోసం విడిగా హెచ్చరిక సమాచారం ఇవ్వడం మొదలుపెట్టింది. ఫోన్‌కి ఆ మెసేజ్ వస్తే జనం పట్టించుకుంటారు.

చైనాలో 2015 అక్టోబర్ 4న ముజిగే టైఫూన్ జాన్‌జియాంగ్ దగ్గర తీరం దాటితే, టోర్నడో పడింది ఎక్కడో దూరంగా ఫోషాన్‌లో.

గోదావరి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది కోనసీమ, చేపల చెరువులు ఉన్నాయి. ఇదంతా చదువుతుంటే టెన్షన్‌గా ఉంది. తుఫాను మచిలీపట్నం దగ్గర దాటుతుందంటే మేం కొంచెం ఊపిరి పీల్చుకుంటాం, మనకి తప్పిందిలే అని. మీరు చెప్పేదాన్ని బట్టి అప్పుడే మేం జాగ్రత్తగా ఉండాలా? మన తీరంలో ఇలాంటివి వచ్చాయని ఎప్పుడూ వినలేదే? 2014లో హుద్‌హుద్ అంత విధ్వంసం చేసింది, అప్పుడు కూడా ఎవరూ టోర్నడో అనలేదు.

మబ్బులదారి:

గట్టు గారూ, మొదటి ప్రశ్నకి జవాబు: అవును. మన తుఫానులు ఎక్కువగా పడమరకో వాయవ్యానికో కదులుతాయి. అంటే కుడిచేతి వైపు కేంద్రానికి ఉత్తరాన పడుతుంది. మచిలీపట్నం దగ్గర దాటితే కోనసీమ, కాకినాడ వైపు సముద్రపు గాలి నేలమీదికి కొడుతుంది. టోర్నడో మాట పక్కన పెట్టినా, ఉప్పెన కూడా ఆ వైపే ఎక్కువ. కాబట్టి తుఫాను దక్షిణంగా పోయింది కదా అని ఊపిరి పీల్చుకోవడం ఏ లెక్కన చూసినా మంచిది కాదు.

రెండోదానికి జవాబు కొంచెం పొడుగు. ఫ్లోరిడా, అలబామా వైపు వెళ్లే హరికేన్లు ఉత్తరానికి తిరుగుతూ పైనున్న పడమటి గాలుల్లోకి దూరుతాయి. 2004లో ఐవన్ అలాగే అలబామాలో తీరం దాటి, లోపలికి వెళ్తూ మూడు రోజుల్లో దాదాపు 120 టోర్నడోలు పుట్టించింది, వాటిలో దాదాపు మూడో వంతు వర్జీనియాలో. మన అక్టోబర్, నవంబర్ తుఫానులు ఎక్కువగా తూర్పు గాలుల్లోనే ప్రయాణం చేస్తాయి. పై గాలుల సాయం తక్కువ కాబట్టి బలమైన టోర్నడోలకి అవకాశం కూడా తక్కువ. ఉత్తరానికి తిరిగి ఒడిశా, బెంగాల్ వైపు పోయేవాటిలో కొంచెం ఎక్కువ.

కానీ తక్కువ అంటే లేవని కాదు. హుద్‌హుద్ లాంటి తుఫానులో ఊరంతా చెట్లు పడిపోయి ఉంటే, అందులో వంద మీటర్ల వెడల్పు చారని ఎవరు విడదీసి చూస్తారు? అమెరికాలో ప్రతి తుఫాను తర్వాత మనుషులు నడిచి వెళ్లి సర్వే చేస్తారు, అందుకే అక్కడ లెక్క ఉంది. మన దగ్గర కూడా ఆ పని జరగాలని నా గట్టి కోరిక.

తాడ్వాయి_తమ్ముడు:

అన్నా, మాది ములుగు జిల్లా. 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా కూలినయి. యాభై వేలకు పైనే అని అప్పట్లో పేపర్లలో వచ్చింది. కొందరు టోర్నడో అన్నరు, కొందరు మేఘ విస్ఫోటం అన్నరు. ఊళ్ల మీద పడలేదు కాబట్టి మనుషులు బతికిపోయినరు. కానీ ఆ అడవిని చూస్తే కడుపు తరుక్కుపోతది, ఎన్నేళ్లు పెరిగిన చెట్లో. అదే టైంకి బంగాళాఖాతంలో వాయుగుండం కూడా ఉండె. మీరు చెప్పేదానికి, దీనికి సంబంధం ఉందా?

మబ్బులదారి:

తమ్ముడూ, ఆ వాయుగుండం సెప్టెంబర్ 1 తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విజయవాడలో బుడమేరు ముంచెత్తింది కూడా అప్పుడే. తాడ్వాయి దానికి పడమరగా దాదాపు 400 కిలోమీటర్ల దూరం. అది నడిచిన దారికి ముందుంది కానీ స్పష్టంగా కుడిచేతి వైపు కాదు. నేను ఇందాక చెప్పిన పద్ధతికి ఆ చోటు అంత చక్కగా సరిపోదు.

అంత విస్తీర్ణంలో చెట్లు పడటానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. మేఘం లోపలి గాలి ఒక్కసారిగా కిందికి దూకి, నేలని తాకి నలుమూలలకీ కొడుతుంది. దాన్ని డౌన్‌బరస్ట్ అంటారు. రెండింటినీ విడదీసేది చెట్లు పడిన తీరే. టోర్నడో అయితే నష్టం సన్నగా, పొడుగ్గా ఒక చారలా ఉంటుంది, చెట్లు చార నడిమి వైపుకి ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడతాయి. డౌన్‌బరస్ట్ అయితే ఒకే వైపుకో, విసనకర్రలాగా విచ్చుకునో పడతాయి. వాన ఎంత పడిందన్నది వేరే లెక్క. మేఘ విస్ఫోటం అనేది వాన పరిమాణానికి వాడే మాట, గాలికి కాదు.

ప్రశ్నల_పుట్ట:

అదే ములుగులో డిసెంబర్ 4న 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా. మూడు నెలల్లో రెండూ ఒకే చోట. సంబంధం ఉందని యూట్యూబ్‌లో తెగ చెప్తున్నారు.

మబ్బులదారి:

లేదండీ. భూకంపం పుట్టేది నేల లోపల కిలోమీటర్ల లోతున రాళ్ల పొరల్లో. గాలివానకి, దానికి ఏ లింకూ లేదు.

బే_ఏరియా_అన్న:

ఒక మాట చెప్పాలి. ఈ థ్రెడ్ చదివి అందరూ టోర్నడో గురించే భయపడితే అది కూడా ప్రమాదం. అమెరికాలో 1963 నుంచి 2012 వరకు ఉష్ణమండల తుఫానుల వల్ల నేరుగా జరిగిన మరణాల్లో దాదాపు సగం ఉప్పెన వల్ల, పావు వంతుకి పైగా వాన వరదల వల్ల. టోర్నడోల వాటా 3 శాతం మాత్రమే. ముందు నీళ్ల నుంచి తప్పించుకోవాలి.

ఓర్లాండో_వాసి:

అన్నా, ఆ లెక్కని నేను కాదనను. కానీ తీరం దగ్గరున్నవాళ్లకి ఉప్పెన గురించి రెండు రోజుల ముందే చెప్తారు, ఖాళీ చేయిస్తారు. స్పానిష్ లేక్స్‌లో ఉన్నవాళ్లు హరికేన్ వచ్చే తీరానికి రాష్ట్రం అవతలి వైపున, తమ సొంత ఇళ్లలో ఉన్నారు. మ్యాప్‌లో హరికేన్ దారి గీత తమ మీదుగా లేదని ధైర్యంగా ఉన్నవాళ్లకి నిమిషాల్లో వచ్చే ప్రమాదం ఇది. అందుకే దీన్ని విడిగా చెప్పాలంటున్నాను.

మబ్బులదారి:

ఇద్దరూ చెప్పింది అవసరమే. ఉప్పెన ఖాళీ చేయించే విషయం, టోర్నడో ఇంట్లో దాక్కునే విషయం. ఫ్లోరిడాలో ఉన్నవాళ్లకి నాలుగు మాటలు. తుఫాను రోజు ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆఫ్ చేయకండి, రాత్రి పడుకునేటప్పుడు కూడా. టోర్నడో వాచ్ అంటే అవకాశం ఉందని, వార్నింగ్ అంటే రాడార్‌లోనో కంటికో కనబడిందని. వార్నింగ్ వస్తే కింది అంతస్తులో, కిటికీలు లేని లోపలి గదిలోకో బాత్రూంలోకో వెళ్లి తల కప్పుకోండి. మొబైల్ హోమ్‌లో (తయారుచేసి తెచ్చి పెట్టే తేలికపాటి ఇంట్లో) ఉండేవాళ్లు వార్నింగ్ దాకా ఆగకూడదు, వాచ్ ఉన్నప్పుడే గట్టి ఇంటికి మారిపోవాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలు ఒంటరిగా ఇంట్లో ఉంటే, ఏ గదిలోకి వెళ్లాలో ముందే చూపించి పెట్టండి.

గోదావరి_గట్టు:

మరి మేం ఏం చేయాలి సార్? మా దగ్గర అలాంటి వార్నింగ్ రాదు.

మబ్బులదారి:

మీ జాగ్రత్త తుఫాను జాగ్రత్తే. చెరువు గట్టున ఉండే రేకుల షెడ్లలో మనుషుల్ని ఉంచకండి, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లకి కరెంటు ముందే ఆపండి. హుగ్లీ ఒడ్డున ఇద్దరూ పోయింది కరెంటు వల్లేనని పైన చదివారు కదా.

ఇంకో సాయం కూడా మీరే చేయగలరు. తుఫాను వెళ్లిపోయాక ఒక సన్నటి చారలో మాత్రమే కొబ్బరి చెట్లు విరిగి, పక్క తోట బాగానే ఉంటే, నరికి తీసేయకముందే ఫోటోలు తీయండి. ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది, చెట్టు మొదలు నుంచి తల ఎటు పడిందో చూసి రాసుకోండి. చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, గాలి ఏ సమయానికి కొట్టింది అన్నది కూడా రాయండి. మచిలీపట్నం, విశాఖ రాడార్ల రికార్డుతో కలిపి చూడటానికి టైం చాలా ముఖ్యం.

తాడ్వాయి_తమ్ముడు:

అన్నా, మా దగ్గర పడిపోయిన చెట్ల ఫోటోలు, డ్రోన్ వీడియోలు దోస్తుల ఫోన్లల్ల ఇంకా ఉన్నయి. దిక్కు తెలిసేలా ఉన్నవి ఏరి ఇక్కడ పెడతా. ఒకసారి చూడండి.

మబ్బులదారి:

తప్పకుండా పెట్టు తమ్ముడూ. వీడియోలో రోడ్డు కనబడే భాగాలు ముందు పెట్టు. రోడ్డు ఎటు పోతోందో మ్యాప్‌లో తెలుస్తుంది కాబట్టి, చెట్లు పడిన దిక్కుని దాన్నిబట్టి కొలవొచ్చు.